మొదటి పుట: సోదరీమణులును వెబ్‌సైటు నిర్మాణమును

కొన్ని నెలల క్రిందట ఒక సోదరియొద్దనుండి మాకొక జాబు వచ్చెను. తాను పట్టపరీక్షలో తేరినదాననియు, వివాహమైన పిదప పదునాలుగేండ్లు సంసారభారముతో గడచిపోయెననియు, పిల్లలు పెద్దవారగుటచే ఇప్పుడు కొంత తీరిక దొరకగా కోడు వ్రాయుటయు వెబ్‌సైట్లు నిర్మించుటయు నేర్వదలచి ఒక శిక్షణసంస్థలో చేరితిననియు ఆమె వ్రాసెను. మూడు వారములు గడచునప్పటికి ‘నాకు బుద్ధి చాలదు’ అని నిశ్చయించుకొని మానివేసెనట. కట్టిన రుసుము తిరిగి రాలేదు. ఆ రుసుమునకై కుదువబెట్టిన గాజులును ఇంకను ఇల్లు చేరలేదు.

గాజుల సంగతి మమ్ము నొప్పించెను. ‘బుద్ధి చాలదు’ అను మాట అంతకంటెను నొప్పించెను. గాజులు నేడు కాకున్న రేపు విడిపించుకొనవచ్చును. మనసులో నాటుకొన్న అట్టి మాటను పెరికివేయుట అంత సులభము గాదు. ఆ మూడు వారములలో ఏమి నేర్పిరని మేమడుగగా, ఆమె తన నోటుపుస్తకపు పుటలను ఫొటోలు తీసి పంపెను. కంప్యూటరు చరిత్ర, నిర్వచనములు, పొడియక్షరముల పట్టికలు, నెట్‌వర్కుల పటములు. ఇట్లు నలువది పుటలు. ఆమె తన చేతితో చేసిన పని యొక్కటియు లేదు. వంట నేర్వవచ్చిన పిల్లను మూడు వారములు పొయ్యి ముట్టనీయక, కట్టెల జాతులను గూర్చి ఉపన్యసించినట్లున్నది. ఆ సోదరికి బుద్ధి చాలకపోలేదు. నేర్పినవారికి నేర్పు చాలలేదు.

పరులను నిందించుటకై మేమీ మాట వ్రాయుట లేదు. మేమును మొదట అట్లే చెడగొట్టినవారమే. రెండేండ్లుగా ఆదివారము మధ్యాహ్నములయందు మా యింటి వసారాలో ఐదారుగురు స్త్రీలకు ఈ విద్య నేర్పుచున్నాము. మొదటి జట్టులో చేరిన ఆర్గురిలో నలుగురు నెల తిరుగకముందే మానివేసిరి. తప్పు మాదని గ్రహించుటకు మాకు మరి రెండు నెలలు పట్టెను. ఆ తప్పునుండి మేము నేర్చుకొన్నదానిని, ఇతరదేశములలోని అనుభవజ్ఞులు కనుగొన్నదానిని సోదరీమణులకు నివేదించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విద్య స్త్రీలకు క్రొత్తది కాదు

‘ఇది మగవారి విద్య’ అను మాట మన యిండ్లలో తరచుగా వినబడుచుండును. చరిత్ర ఇందుకు విరుద్ధముగా చెప్పుచున్నది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున 1945లో ఎనియాక్ అను మహాయంత్రము నిర్మింపబడుచుండెను. దాని బరువు సుమారు 30 టన్నులు. అందు 18 వేలకు దగ్గరగా వాల్వులుండెను. ఆ యంత్రముచేత లెక్కలు చేయించు పనికి ఆర్గురు స్త్రీలు నియమింపబడిరి. వారు కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. వారికి పాఠ్యపుస్తకము లేదు. యంత్రము పటములను ముందిడుకొని, ఏ తీగ యెచ్చట తగిలింపవలయునో, ఏ మీట యెట్లు త్రిప్పవలయునో వారే కనుగొనిరి. 1946 ఫిబ్రవరిలో ఆ యంత్రమును లోకమునకు చూపినప్పుడు అందరిని అబ్బురపరచిన లెక్కను సిద్ధపరచినవారు ఈ స్త్రీలే. అయినను ఆనాటి విందునకు వారికి పిలుపు రాలేదు. 1980వ దశకమున కేథీ క్లైమన్ అను విద్యార్థిని పాత ఫొటోలను చూచి, యంత్రముకడ నిలిచిన యీ స్త్రీలెవరని విచారింపగా, అందముకొరకు నిలిపినవారని సమాధానము వచ్చెనట. ఆమె పట్టు విడువక వారి కథను వెలికి దెచ్చెను.

ఇంకొక యుదాహరణము. అమెరికాలోనే పిట్స్‌బర్గు నగరమునందు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము కలదు. 1995లో అచ్చట కంప్యూటరు శాస్త్రమున చేరిన విద్యార్థులలో స్త్రీలు నూటికి 7గురు మాత్రమే. జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అను నిరువురు కొన్ని సంవత్సరములు విద్యార్థులతో మాటలాడి, కారణము వెదకిరి. చిన్ననాటినుండి కంప్యూటరుతో ఆడుకొన్న బాలురు తరగతిలో ధారాళముగా మాటలాడుచుండగా, అప్పుడే మొదలిడిన బాలికలు తమ అనుభవలోపమును బుద్ధిలోపముగా భ్రమించుచుండిరని తేలినది. అంతట విశ్వవిద్యాలయమువారు ముందనుభవము లేనివారికి వేరు ప్రవేశమార్గమేర్పరచి, విద్యార్థులను చేర్చుకొనునప్పుడు పూర్వానుభవమునకిచ్చు ప్రాధాన్యమును తగ్గించిరి. 2000 నాటికి క్రొత్తగా చేరినవారిలో స్త్రీలు నూటికి 42గురైరి. అయిదేండ్లలో ఆడుపిల్లల బుద్ధి ఆరింతలు పెరుగలేదు గదా! మా సోదరి జాబు చదివినప్పుడు మాకు ముందుగా తోచినది ఈ సంగతియే.

వెబ్‌పుట యననేమి?

జెనీవా నగరముకడ సెర్న్ అను పరిశోధనాలయము కలదు. అచ్చట పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు, పరిశోధకుల కాగితములన్నియు ఒకదానితో నొకటి కలిసియుండవలెనని తలచి 1989లో ఒక ప్రతిపాదన చేసెను. 1990 చివర మొదటి పుట సిద్ధమై, 1991 ఆగస్టులో లోకమునకు ప్రకటింపబడెను. 1993 ఏప్రిలు 30వ తేదీన సెర్న్ వారు ఈ విద్యను రుసుము లేకుండ ఎవరైనను వాడుకొనవచ్చునని ప్రకటించిరి. మన వసారాలో కూర్చుండి ఎవరి సెలవును అడుగకయే ఒక వెబ్‌పుట వ్రాసికొనగలుగుట ఆనాటి నిర్ణయముయొక్క ఫలమే.

వెబ్‌పుట యనగా కొన్ని గుర్తులు పెట్టిన వ్రాత. ఆ గుర్తుల భాషకు హెచ్.టి.ఎం.ఎల్. అని పేరు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక యని బ్రౌజరునకు తెలుపుటకై మాటకు ముందొక ట్యాగు, వెనుకనొక ట్యాగు ఉంచుదుము. ట్యాగునకు రెండువైపుల కోణపు గుర్తులుండును. ముగింపు ట్యాగులో అదనముగా ఒక వాలుగీత యుండును. మొదట ఈ భాషలో సుమారు 18 ట్యాగులే యుండెను. నేడు నూరు దాటినవి గాని, క్రొత్తగా నేర్చువారికి పదియే చాలును. వీనిలో ఏదియు కంఠస్థము చేయవలసినది గాదు. వ్రాయగా వ్రాయగా చేతికి వచ్చును.

మొదటినాటి పాఠము

ఇప్పుడు మేము మొదటినాడు ఒక్క నిర్వచనమైనను చెప్పము. కంప్యూటరులోని నోట్‌ప్యాడును తెరచి, తమకు బాగుగా తెలిసిన వస్తువొకటి యెన్నుకొనుమందుము. ఒకరు ముగ్గు, ఒకరు జాకెట్టు కొలతలు, ఒకరు పిల్లల జోలపాట ఎన్నుకొనిరి. మా వీధిలోని పిన్నిగారొకరు, అరువది సమీపించినవారు, ఆవకాయ యెన్నుకొనిరి. దానినే యుదాహరణముగా చెప్పెదము.

‘ఆవకాయ’ అను మాటకు ఇరుప్రక్కల హెచ్ 1 అను ట్యాగు. అది పెద్ద శీర్షిక యగును. క్రింద కావలసిన వస్తువులు: మామిడికాయలు, ఆవపిండి, కారము, ఉప్పు, పప్పునూనె. వీనిలో ఏది ముందైనను నష్టము లేదు గావున ఇది వరుససంఖ్యలు లేని పట్టిక, దానికి యు.ఎల్. అను ట్యాగు. తరువాత చేయు విధానము. ఇందు ముందుదానిని వెనుకకు మార్చరాదు గావున ఇది సంఖ్యలుగల పట్టిక, దానికి ఓ.ఎల్. అను ట్యాగు. పట్టికలోని ఒక్కొక్క అంశమునకు ఎల్.ఐ. అను ట్యాగు. ఫైలు పేరుచివర ఒక చుక్కయు, హెచ్.టి.ఎం.ఎల్. అను అక్షరములును ఉంచి భద్రపరచి, దానిని బ్రౌజరులో తెరచినచో పుట కనబడును. ఇంటర్నెట్టు లేకున్నను కనబడును. ఒక చిన్న జాగ్రత్త: నోట్‌ప్యాడు తనంతట ఫైలు పేరుచివర ‘టి.ఎక్స్.టి.’ అని చేర్చుట కలదు. భద్రపరచునప్పుడు ఫైలు రకముకడ ‘అన్ని ఫైళ్లు’ అనుదానిని ఎన్నుకొననియెడల, పుటకు బదులు ట్యాగులే కనబడి, నేర్చువారు మొదటినాడే నిరుత్సాహపడుదురు.

పిన్నిగారు పుట చూచికొని, “అయ్యో అమ్మాయీ! కాయలు కడిగి తుడిచి ఆరబెట్టుట మరచితినే. తడి తగిలిన ఊరగాయ బూజు పట్టిపోవును గదా. ఇప్పుడు అంకెలన్నియు మరల దిద్దవలెనా?” అనిరి. “అంకెలు మీరు వేయలేదు, పిన్నిగారూ. బ్రౌజరు వేసినది. పైన ఒక అంశము చేర్చి చూడుడు” అంటిమి. వారు చేర్చిరి, అంకెలన్నియు తమంతట సర్దుకొనెను. పిన్నిగారు చిన్నపిల్లవలె నవ్విరి. ఈ వయసున నీకిదియంతయు ఎందుకని అడిగిన కుమారునకు ఆ సాయంత్రమే ఆ ఫైలు పంపిరట. సంఖ్యలుగల పట్టికను గూర్చి మేము మొదటి జట్టునకు గంటసేపు బోధించియుంటిమి. వారిలో ఒక్కరికిని ఇంత తెలియలేదు.

తప్పు భయపడవలసినది కాదు

మరుసటివారము పిన్నిగారి పుటలో ఒక వింత జరిగెను. శీర్షికయే గాక ఉప్పు, కారము, నూనె అన్నియు పెద్ద పెద్ద అక్షరములతో తెరనిండ నిండుకొనెను. “అమ్మాయీ, మీ యంత్రము పాడుచేసితిని” యని వారు కుర్చీనుండి లేచిరి. మేము నేర్పవలసిన ముఖ్యపాఠము ఇదియే. వెబ్‌పుటలో చేసిన తప్పువలన యంత్రము పాడుగాదు. దిద్ది మరల తెరచినచో ఆ తప్పు ఆనవాలైనను మిగులదు. పిన్నిగారిని కూర్చుండబెట్టి, ఎచ్చటనుండి అక్షరములు పెద్దవైనవో, దానికి పై పంక్తిలో ఏమున్నదో చూడుమంటిమి. వారు తెరపై వ్రేలుపెట్టి పంక్తి పంక్తి చదివి, పదినిమిషములకు కనుగొనిరి: శీర్షిక చివరి ట్యాగులో వాలుగీత లేదు! శీర్షిక ముగియలేదు గావున బ్రౌజరు అంతయు శీర్షికయే యనుకొనెను.

కోడులోని తప్పునకు ‘బగ్’, అనగా పురుగు, అని పేరు. ఆ పేరు యంత్రములవిషయమున అంతకుముందే వాడుకలో నుండినదే. 1947 సెప్టెంబరు 9వ తేదీన హార్వర్డు విశ్వవిద్యాలయపు మార్క్ 2 యంత్రములో నిజముగనే ఒక రెక్కలపురుగు చిక్కుకొనగా, పనివారు దానిని తీసి దినచర్యపుస్తకములో అంటించిరి. కంప్యూటరు విద్యలో పేరెన్నికగన్న గ్రేస్ హాపర్ ఈ కథను పలుమారులు చెప్పుచుండెడిది. ఆ పుట నేటికిని అమెరికాలోని స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలలో కలదు. ఈ కథ చెప్పినప్పుడెల్ల మా విద్యార్థినుల భయము సగము తీరుచుండును. అంతటి పండితులకును తప్పులు వచ్చును. వారు వానిని దాచక అంటించి చూపుదురు.

చేయి చేసికొనరాదు

నేర్పువారు చేయు పెద్ద తప్పొకటి కలదు. విద్యార్థిని తడబడగానే ‘ఇటు తెమ్ము’ అని కీబోర్డును లాగుకొని, నాలుగు మీటలు నొక్కి, ‘అయినది చూడు’ అందురు. పని యగును, విద్య కాదు. చూచిన సోదరికి మిగులునది ‘ఆమెకు వచ్చును, నాకు రాదు’ అను తలంపు మాత్రమే. మేము మొదటి జట్టులో ఈ తప్పు లెక్కలేనన్నిమార్లు చేసితిమి. ఇప్పుడు మా వసారాలో నియమమిది: గురువు నోటితో చెప్పవచ్చును, వ్రేలితో చూపవచ్చును, మీటలు మాత్రము నేర్చుకొనునామెవే.

1998లో అమెరికాలో మొదలైన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ అను శిక్షణోద్యమమువారు శాస్త్రజ్ఞులకు కోడు నేర్పుచు ఈ నియమమునే బోధింతురు. వారిదింకొక చక్కని ఉపాయము కలదు. ప్రతివారికిని రెండు రంగుల కాగితపుముక్కలిత్తురు. పని సాగుచున్న ఒక రంగు, చిక్కుపడిన మరియొక రంగు కంప్యూటరుపై అంటింపవలెను. పదిమందిలో చేయెత్తి ‘నాకు తెలియలేదు’ అనుటకు మన స్త్రీలు ఎంత సంకోచపడుదురో చెప్పనక్కరలేదు. కాగితము అంటించుటకు సంకోచముండదు. 2014లో ఓలా సిటార్స్కా, ఓలా సెండెట్స్కా అను నిరువురు పోలెండు స్త్రీలు బెర్లిను నగరమున జాంగో గర్ల్స్ అను శిక్షణమును ఆరంభించిరి. అందు మువ్వురు విద్యార్థినులకు ఒక్క శిక్షకురాలు లేక శిక్షకుడుండును, ఏమియు తెలియక వచ్చినవారిచేత చిన్న వెబ్‌సైటు చేయింతురు, రుసుము లేదు. ఇట్టి సభలు తరువాత అనేక దేశములకు వ్యాపించినవి.

తెలుగు పుటకు రెండు మాటలు

ఆవకాయ పుటను తెలుగులోనే వ్రాయవచ్చును. ప్రపంచములోని లిపులకెల్ల సంఖ్యలు కేటాయించు యూనికోడు పద్ధతిలో 1991నాటి మొదటి ప్రతినుండియు తెలుగునకు చోటున్నది. అయితే పుట ఆరంభమున, ఇది యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో నున్నదని చెప్పు పంక్తి తప్పక యుంచవలయును. అది లేనిచో అక్షరములకు బదులు పిచ్చిగీతలు కనబడవచ్చును. రెండవది, పుట భాష తెలుగు అని తెలుపు ‘టి.ఇ.’ అను రెండక్షరముల గుర్తు. చూపులేనివారికి పుటను చదివి వినిపించు సాధనములకు ఏ భాషలో చదువవలెనో ఈ గుర్తు తెలుపును. బొమ్మలు పెట్టినప్పుడు బొమ్మలో ఏమున్నదో నాలుగు మాటలలో వ్రాసినచో వారికి మరింత మేలు.

తరువాతి మెట్లు

పుట నిలిచిన పిమ్మట అలంకారము. రంగులు, అక్షరముల పరిమాణము, అంచులు మొదలగువానిని నిర్ణయించు భాష సి.ఎస్.ఎస్. హాకోన్ వియుమ్ లీ దీనిని 1994లో ప్రతిపాదించెను. చీర అదియే, అంచు మార్చినట్లు, వ్రాతను ముట్టకయే రూపమును మార్చవచ్చును. ఆ తరువాత జావాస్క్రిప్టు. బ్రెండన్ ఐక్ దాని మొదటిరూపమును 1995లో పదిదినములలో సిద్ధపరచెను. మీట నొక్కగా పని జరుగుట, మామిడికాయల సంఖ్య వేయగా కారము ఉప్పుల కొలతలు తేలుట దీనివలననే. ఇచ్చట కొంత జాగ్రత్త వలయును. హెచ్.టి.ఎం.ఎల్.లో తప్పున్నను బ్రౌజరు సర్దుకొనిపోవును; జావాస్క్రిప్టులో ఒక్క కుండలీకరణము లోపించినను పని నిలిచిపోవును. అప్పుడు ఎఱ్ఱని ఆంగ్లవాక్యము కనబడును. భయపడక అందు పంక్తిసంఖ్యను మాత్రము ముందు చూడవలెను. తప్పు సాధారణముగా అచ్చటనో, దానికి కొంచెము పైననో యుండును.

పుటను లోకమునకు చూపుటకు గిట్‌హబ్ పేజెస్ వంటి ఉచితస్థలములు కలవు. సొంత పేరు కావలెనన్న ఏటేట కొంత సొమ్ము కట్టవలసియుండును. లోకమునకు పెట్టిన పుటను ఎవరైనను చూడగలరు గావున, ఇంటి చిరునామా, ఫోను సంఖ్య, పిల్లల ఫొటోలు అందుంచరాదని మా విద్యార్థినులకు గట్టిగా చెప్పుచుందుము.

‘అడిగినంతనే కోడు వ్రాసియిచ్చు యంత్రములు వచ్చినవి గదా, మనమేల నేర్వవలయును?’ అని కొందరు ప్రశ్నించుచున్నారు. ఆ యంత్రములు ఉపయోగకరములే, మేమును వాడుచున్నాము. అవి ఒక్కొక్కప్పుడు తప్పు వ్రాసి, తప్పని చెప్పక యిచ్చును. వంట తెలిసిన ఇల్లాలు వంటమనిషి చేసినదానిని రుచిచూచి ఉప్పు చాలదనగలదు. తెలియనామె పెట్టినది తినవలసినదే.

రుసుము కట్టకముందు

ఒకమాట దాచక చెప్పవలయును. కొన్ని వారములు హెచ్.టి.ఎం.ఎల్. నేర్చినంతమాత్రమున ఉద్యోగము రాదు. అట్లు వచ్చునని వాగ్దానము చేయువారిని నమ్మరాదు. ఉద్యోగమునకు నెలల సాధన, పెక్కు పనులు చేసిన అనుభవము వలయును. కావున ఎచ్చటనైనను రుసుము కట్టకముందు మూడు ప్రశ్నలు అడుగుడు. మొదటివారములో నా చేతితో ఏమి చేయుదును? ఒక్క గురువునకు ఎందరు విద్యార్థులు? ఒక తరగతిలో ఊరక కూర్చుండి చూడవచ్చునా? వీనికి తిన్నని సమాధానము రానిచోట సొమ్ము కట్టకుడు. ఫ్రీకోడ్‌క్యాంప్ వారి పాఠములును, మొజిల్లావారి ఎం.డి.ఎన్. గ్రంథమును ఉచితముగనే లభించును. అవి ఆంగ్లమున నున్నవి గాని, ప్రక్కన తెలిసినవారొకరున్న దారి దొరకును. ముందు వానితో నెలదినములు గడపి, ఈ విద్య మీకు రుచించునో లేదో చూచికొనుడు.

జాబు వ్రాసిన సోదరికి మేము ఇదియే చెప్పితిమి. నలువది పుటల నోటుపుస్తకమును ప్రక్కనుంచి, తనకు తెలిసిన వస్తువునుగూర్చి ఒక్క పుట చేయుమంటిమి. పదిదినములకు ఆమె సంక్రాంతి ముగ్గులనుగూర్చి ఒక పుట పంపెను. అందు చుక్కల లెక్కలన్నియు చక్కగా పట్టికలో నుండెను. సగమునుండి అక్షరములన్నియు వంకరగా వాలియుండెను. ఒక ట్యాగు ముగియలేదని మాకు చూడగనే తెలిసెను. దిద్ది పంపుట రెండు నిమిషముల పని. మేము దిద్దక, ‘ఎచ్చటనుండి వాలినవో చూడుము’ అని మాత్రము వ్రాసితిమి. మరునాడు పుట సరియై వచ్చెను. దానితో నున్న జాబులో బుద్ధినిగూర్చిన మాట యెచ్చటను లేదు. బొమ్మలు చేర్చు విధమెట్లని మాత్రము అడిగియుండెను.

ఆమె గాజులు ఇంకను కుదువలోనే యున్నవి. అవియు త్వరలో విడుదలగుగాక యని కోరుచున్నాము. మన చదువరులలో ఈ విద్య తెలిసిన సోదరీమణులు పెక్కుమంది కలరు. వారు ఇంటిప్రక్కనున్న ఒక్క యమ్మనైనను, ఒక్క అక్కనైనను కూర్చుండబెట్టి, కీబోర్డును ఆమెకే విడిచి, ఆమెకు తెలిసిన సంగతితోనే మొదటి పుట చేయింతురుగాక!